మంత్రం కాదు, గొర్రెల మందు

పన్నెండేళ్లుగా నా గుండెల మీద ఒక బండ ఉంది. మా ఓరుగల్లు కోటలో నిలబెట్టిన రాతి తోరణమంత బండ అని మొదట రాశాను. రాసి కొట్టేశాను. అంత లేదు. నిజంగా తూస్తే రెండు పిల్లిపిల్లలంత బరువు. రెండూ కలిపి కిలో కూడా తూగవు. అయినా దించుకోలేకపోయాను.

మీరెవరో నాకు తెలియదు. నా ధైర్యం అదే. నన్ను ఎరిగినవాళ్లెవరూ నా మాట తొందరగా నమ్మరు. అందులో వాళ్ల తప్పు లేదు. నేను వరంగల్‌లో యాభై ఏళ్లు జంపఖానాలు నేసినవాణ్ణి. యాభై కాదు, నలభై నాలుగు. చూశారా? అడగకుండానే ఆరేళ్లు కలిపేశాను. మగ్గం మీద చేతులకు పని ఉంటుంది, కాళ్లకు పని ఉంటుంది, నోటికి ఉండదు. ఆ నోటికి నేను పని కల్పించాను. మా షెడ్డులో ఆరు మగ్గాలుండేవి. పరకాల నుంచి సైకిల్ మీద వస్తుంటే నక్క ఎదురైందని ఒకరోజు చెప్పాను. నెల తిరిగేసరికి అది చిరుతపులి అయింది. ఎవరూ నన్ను అబద్ధాలకోరు అనలేదు. నవ్వారు. ఆ నవ్వు కోసం నేను ఎంతకైనా పెంచేవాణ్ణి. పెంచితే ఎవరికి నష్టం? ఈ ప్రశ్న నాకు నేనే చాలాసార్లు వేసుకున్నాను. జవాబు తెలిశాక కూడా వేసుకున్నాను.

మా వాడలో పిల్లులు ఎవరివీ కావు, అందరివీ. నూలుకు పట్టించిన గంజి వాసనకు ఎలుకలు వస్తాయి. ఎలుక ఒక్కపూట తిరిగిందంటే వారం పని పాడవుతుంది. అందుకని ఏ ఇంట్లో అన్నం మిగిలినా గడప బయట పిల్లికి పెడతారు. కొన్ని పిల్లులు మాత్రం తమంతట తామే ఒక ఇంటిని ఎంచుకుంటాయి. మా పక్కింటి సరోజనను ఒక బూడిదరంగు పిల్లి అలా ఎంచుకుంది. సరోజన నాకు కూతురు వరస. నన్ను కాకా అంటుంది. ఆ పిల్లి ఆమె మగ్గం కింది గుంతలోనే పడుకునేది.

ఆ పిల్లి ఉన్నట్టుండి చిక్కిపోయింది. వెన్నెముక లెక్కపెట్టొచ్చు, పొట్ట మాత్రం ఉబ్బి ఉంది. బొచ్చు గరుకుబారింది. ఒకరోజు సేమియా పోగులాంటి తెల్లటి పురుగును కక్కింది. ఆ పురుగు మూరెడు ఉందని వాడంతా చెప్పాను. జానెడు కూడా లేదు. సరోజన నా దగ్గరికి వచ్చింది.

"కాకా, దీని కడుపుల పురుగులు పడ్డయి. నువ్వు లోకం తిరిగినోనివి, ఏమన్న ఉపాయం చెప్పరాదు?"

పశువుల దవాఖాన మా ఇంటికి సైకిల్ మీద పది నిమిషాల దూరం. ఆ మాట చెప్పి ఉంటే సరిపోయేది. కానీ 'లోకం తిరిగినోనివి' అంది కదా. లోకం తిరిగినవాడు దవాఖానకు దారి చూపిస్తాడా? నేనన్నాను, నాకు ఒక మంత్రం తెలుసునని. కొండల్లో ఒక సాధువు చెవిలో చెప్పాడని. పురుగులు వాటంతటవే పడిపోతాయని.

అసలు సంగతి ఇది. నర్సంపేట దగ్గర గొర్రెలు కాసే దోస్తు ఒకడున్నాడు నాకు. గొర్రెల కడుపులో పురుగులు పోవడానికి వాళ్లు ఏడాదికి రెండుసార్లు నట్టల మందు తాగిస్తారు. నేను వెళ్లిన రోజు అదే పని నడుస్తోంది. అడుగున మిగిలిన మందును ఒక సీసాలో పోయించుకుని తెచ్చుకున్నాను. ఎందుకు తెచ్చుకున్నానో నాకే తెలియదు. ఏదో ఒకరోజు ఒక కథకు పనికొస్తుందనుకుని ఉంటాను.

సరోజన ఇంట్లోంచి అందరినీ బయటికి పంపాను. మంత్రం నలుగురి చెవిన పడితే పనిచేయదని చెప్పి తలుపు వేశాను. సీసా మూతలో సగం దాకా మందు తీసి పిల్లి నోట్లో పోశాను. దాని నుదుట బూడిద రాసి, మెడకు పసుపుదారం కట్టి బయటికి తెచ్చాను. గంటసేపు దాని నోటినుంచి చొంగ కారింది. లోపలి విషం దిగుతోందని చెప్పాను. మరునాటికి కుప్పగా పురుగులు పడ్డాయి. పదిహేను రోజుల్లో పిల్లి నిగనిగలాడింది. వాడలో నన్ను పిల్లుల సాధువు అనడం మొదలుపెట్టారు. పక్క వాడ నుంచి కూడా వచ్చారు. వంద పిల్లులకు వేశానని చెప్పుకునేవాణ్ణి. నాలుగు. అన్నీ ఎదిగిన పిల్లులే.

ఆ బూడిదరంగు పిల్లి రెండు పిల్లల్ని పెట్టింది. ఒకటి నల్లది. రెండోదానికి నాలుగు పాదాలూ తెల్లన. రెండు నెలలు దాటేసరికి వాటి పొట్టలు చిన్న చెంబుల్లా ఉబ్బాయి. సరోజన మళ్లీ పిలిచింది. నేను మళ్లీ తలుపు వేశాను. వాటి తల్లికి ఎంత పోశానో అంతే పోశాను, ఒక్కోదానికి సగం మూత. అరచేతిలో పట్టే ప్రాణులు. తల్లికి పోసినంత వీటికెందుకని ఆ క్షణంలో నాకు ఎందుకు తోచలేదు? తోచిందేమో. తోచినా, రెండు చుక్కల మంత్రం మంత్రంలా అనిపించదని పోశానేమో. ఇప్పటికీ ఇది నాకు తేలలేదు.

చొంగ కారడం మొదలైంది. తర్వాత కాళ్లు వణికాయి. నల్లది పక్కకు ఒరిగింది. నోట్లో నీళ్లు పోశాను, ముక్కులో ఊదాను, పొట్ట రుద్దాను. మగ్గం మీద ఒక కండె నూలు అయిపోయేంత, నాలుగు నిమిషాలు కూడా పట్టలేదు. రెండూ పోయాయి. తలుపు అవతల సరోజన, "కాకా, అయిందా?" అని అడుగుతోంది.

సీసాను పంచె మడతలో దోపుకున్నాను. తలుపు తీశాను. మందు పోశానని చెబితే మంత్రం లేదని తేలిపోతుంది. నాకు ఆ క్షణంలో గుర్తొచ్చింది అదొక్కటే. చచ్చిపోయిన రెండు ప్రాణాలు నా చేతుల్లో ఉండగా, నేను కాపాడుకున్నది నా మంత్రాన్ని.

"ఇవి ముందే ఏదో తిన్నట్టున్నయి బిడ్డా. నోట్లె నురుగు సూడు. గది ఎలుకల మందు" అన్నాను.

"ఎవలు పెట్టిండ్రు కాకా?" అంది సరోజన.

నేను పేరు చెప్పలేదు. ఇన్నేళ్లూ నేను పట్టుకుని వేలాడింది ఈ ఒక్క సంగతినే. పేరు చెప్పలేదు. ఎదురింటి వైపు చూశాను. అంతే. చూపుకు సాక్ష్యం ఉండదు కదా అనుకున్నాను.

ఎదురిల్లు కొమురమ్మది. భర్త బొంబాయి దగ్గర భీవండిలో మరమగ్గాల మీద పనిచేసేవాడు, ఆమె ఇక్కడ రాట్నం మీద కండెలు చుట్టేది. నాకన్నా ఆరేడేళ్లు చిన్న. నన్ను అన్నా అంటుంది, నేను చెల్లె అంటాను. ముందురోజే ఆమె తన నూలు కొరుకుతున్న ఎలుకలకు మందు పెట్టింది. ఆ సంగతి వాడంతటికీ తెలుసు. ఎందుకంటే, పిల్లుల్ని జర ఇటు రానీయకండని ఆమే ఇల్లిల్లూ తిరిగి చెప్పింది. అంత జాగ్రత్త గల మనిషి.

ఆమెకు ఇంకో పని ఉండేది. మా వాడలో పుట్టిన ప్రతి పసిబిడ్డకూ మొదటి మూడు నెలలు నీళ్లు పోసేది కొమురమ్మే. కాళ్లు చాపి కూర్చుని, బిడ్డను కాళ్ల మీద పడుకోబెట్టుకుని, మోచేతితో నీళ్ల వేడి చూసి, నూనె రాసి, ముక్కు నిమిరి, సాంబ్రాణి పొగ పట్టేది. ఆమె చేతిలో ఏడ్చే బిడ్డ కూడా రెండో చెంబుకు ఊరుకునేది. ఇది పెంచి రాయడం లేదు. నా మనవరాలికి ఆమె నీళ్లు పోస్తుంటే పక్కన కూర్చుని చూశాను.

పిల్లిని చంపితే ఎంత పాపమో మీకు తెలిసే ఉంటుంది. బంగారంతో పిల్లిని చేయించి గుడికి ఇస్తే తప్ప పోదంటారు. నేను మంత్రం చుట్టూ అల్లిన కల్పన అంతా ఒకెత్తు, ఆ రెండు పిల్లలు చచ్చాక వాడలో కొమురమ్మ మీద నడిచిన మాటలు ఒకెత్తు. కొమురమ్మ మొదట్లో గట్టిగా వాదించింది. ఎలుకలు మాత్రమే దూరేలా మందును గంప కింద పెట్టానంది, పిల్లులు తొయ్యకుండా గంప మీద రాయి పెట్టానంది. తర్వాత వాదించడం మానేసింది. ఒకరోజు తన ముక్కుపుల్ల తీసి, కరిగించి పిల్లిని చేయించడానికి బయలుదేరింది. "అన్నా, జర తోడు రా" అంది నన్ను.

వెళ్లాను. దాచను, వెళ్లాను. కంసాలి చింతగింజలో సగం కూడా లేని పిల్లిని చేస్తుంటే, తోక ఇంకొంచెం పైకి తిప్పమని సలహా కూడా ఇచ్చాను. పాలకుర్తి కొండ మీది గుడికి బస్సులో వెళ్లి ఆమె దాన్ని హుండీలో వేసింది. ఆమె కళ్లు మూసుకుని దండం పెడుతుంటే నేను పక్కన నిలబడి దండం పెట్టాను. ఎవరి పాపం పోవాలని పెట్టాను? దేవుడికి లెక్క తికమక అయి ఉంటుంది.

బంగారు పిల్లి హుండీలో పడినా కొమురమ్మను పసిబిడ్డల దగ్గరికి ఎవరూ పిలవలేదు. ఒక్కరు కూడా. సరోజనే ముందు మానేసింది, ఆమెను చూసి మిగిలినవాళ్లు. ఎవరూ ముఖాన ఏమీ అనేవారు కాదు. బిడ్డ పుట్టిన ఇంట్లో వేరే వాడ నుంచి ఇంకొకామె వచ్చేది. కొమురమ్మ తన గడపలో కూర్చుని కండెలు చుట్టుకునేది.

మీరు అడగొచ్చు, పన్నెండేళ్లు ఊరుకున్నవాడివి ఇప్పుడెందుకు నోరు తెరిచావని. పశ్చాత్తాపమని రాస్తే బాగుంటుంది. నిజం మాత్రం, నన్ను మళ్లీ మంత్రం వేయమన్నారు.

ఈ మధ్య సరోజన కూతురు పుట్టింటికి వచ్చి ఆడపిల్లను కన్నది. ఆ బూడిదరంగు పిల్లి సంతతి ఇంకా మా వాడలో తిరుగుతోంది. వాటిలో ఒక పిల్ల పొట్ట ఉబ్బి, తోక కింద బియ్యపు గింజల్లాంటి పురుగు ముక్కలతో కనబడింది. పసిగుడ్డుకు అంటుకుంటాయని ఇంట్లో భయం పుట్టింది. పిల్లులన్నింటినీ సంచుల్లో కట్టి ఊరి బయట వదిలేద్దామని మగవాళ్లు అన్నారు. సరోజన నా దగ్గరికి వచ్చి, "కాకా, వాళ్లు ఎత్తుకపోక ముందే నీ మంత్రం జర మళ్ల వెయ్యి" అంది. పన్నెండేళ్ల తర్వాత కూడా నమ్మకంగా అడిగింది.

ఆ పిల్లిపిల్లను ప్లాస్టిక్ బుట్టలో పెట్టుకుని పశువుల దవాఖానకు వెళ్లాను. పది నిమిషాలే పట్టింది. డాక్టరమ్మ చిన్న వయసు పిల్ల. బుట్టలోంచి దాన్ని తీసి మొదట కాటా మీద పెట్టింది. బరువు చూసింది, కాగితం మీద రాసింది, సూదిలేని సిరంజిలోకి మందు తీసింది. ఆ మందు ఎంతుందో చూశాను. నాలుగైదు చుక్కలు.

"అమ్మా, గంతేనా?" అన్నాను.

"గంతే తాతా. బరువును బట్టే పొయ్యాలె."

గొర్రెల మందు పోస్తే ఏమవుతుందని అడిగాను. ఎవరో పోశారట అన్నాను. డాక్టరమ్మ చేయి ఆగింది. గొర్రెల మందుల్లో కొన్ని పిల్లులకు విషమని, ఇంత చిన్నదానికి సగం మూత పోస్తే బతకదని చెప్పింది. ఆ మాట నేను ఎప్పుడో ఊహించుకున్నదే. కానీ ఊహించుకున్నదానికి సందేహం తోడుంటుంది, ఆ సందేహంలో ఇన్నేళ్లు తలదాచుకున్నాను. కాటా మీది అంకె చూశాక అది కూడా పోయింది.

పిల్లుల్ని ఊరి బయట వదలక్కర్లేదని కూడా ఆమే చెప్పింది. అన్నింటినీ వంతులవారీగా తెచ్చి మందు తాగించమంది, వాటి పెంట ఎప్పటికప్పుడు ఎత్తేయమంది, బిడ్డను ముట్టుకునే ముందు సబ్బుతో చేతులు కడుక్కోమంది. అంతే. మంత్రం లేదు, బూడిద లేదు. వారంలో తొమ్మిది పిల్లుల్ని తీసుకెళ్లాను. తొమ్మిది నిజంగానే తొమ్మిది. కావాలంటే నా చేతుల మీది గీరలు లెక్కపెట్టుకోవచ్చు.

తొమ్మిదోదాన్ని వదిలిన మధ్యాహ్నం కొమురమ్మ ఇంటికి వెళ్లాను. రాట్నం తిప్పుతోంది.

"చెల్లే, నీతోని ఒక ముచ్చట చెప్పాలె."

"చెప్పన్నా. కొత్తదా, పాతదా? సైకిల్ ముచ్చటైతే నాకు నోటికొచ్చు."

"పాతదే. గని నిజం."

"నీ నోట్లెకెళ్లి నిజమా! ఆగాగు, సాప ఎయ్యనియ్యి. కూసొని ఇంట."

నవ్వుతూనే చాప వేసింది. నేను కూర్చోలేదు. నిలబడే చెప్పాను. "సరోజన పిల్లిపిల్లలు ఎలుకల మందు తిని సావలే. నేనే తాపిన. గొర్ల మందు. నువ్వు కాదు చెల్లే. నేను."

రాట్నం ఆగింది. అరుస్తుందనుకున్నాను. చెప్పు తీస్తుందనుకున్నాను. అలాంటిది జరిగితే నాకు తేలిక అయ్యేది.

"అన్నా" అంది చివరికి, "పన్నెండేండ్లు నేనేం సోంచాయించిన్నో ఎరుకేనా నీకు? గంప మీద రాయి పెట్టిన్నా లేదా అని. దినాం. పెట్టినట్టే యాదికొస్తది, మల్ల పెట్టలేదేమో అనిపిస్తది. నేనే సంపిన్ననుకున్న."

నా లెక్కలో ఇది లేదు. వాడంతా ఆమెను అనుమానించిందని తెలుసు. ఆమె లోలోపల మాత్రం తనకు తాను నిర్దోషిగానే ఉందని నేను అనుకున్నాను. ఆ ఊహతోనే కదా అన్నం తిన్నాను? ఆమె చేతిలోంచి పసిబిడ్డల్ని తీసేశానని తెలుసు. ఆమె జ్ఞాపకాన్ని కూడా ఆమెకు పరాయిని చేశానని తెలియదు.

"నన్ను మాఫ్ చెయ్యి చెల్లే" అన్నాను.

"గది తర్వాత సంగతి. నాకు చెప్తే ఏమొస్తది? నీళ్లు పొయ్యనీకి నన్ను నేనే పిలుసుకుంటనా? పో. చెప్పాల్సినోళ్లకు పోయి చెప్పు."

రాట్నం మళ్లీ తిరిగింది. నేను ఆ గడప దిగి సరోజన ఇంటికి వెళ్లాను. ఉన్నదున్నట్టు చెప్పాను. సరోజన విని నవ్వింది.

"కాకా, కొమురక్క మీద పాపమనిపించి కొత్త కథ అల్లుతున్నవా? గప్పుడు నువ్వే చెప్తివి గదా ఎలుకల మందని!"

ఒట్టు వేశాను. ఇంకా నవ్వింది. నా ఒట్లు ఆమెకు కొత్తా? జీవితంలో మొదటిసారి ఏమీ కలపకుండా చెప్పాను, దాన్నే ఆమె నమ్మలేదు. నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఆ రోజు జరిగిందంతా మళ్లీ మొదటినుంచి వరసగా చెప్పుకుంటూ పోయాను. మందు తెల్లగా ఉండేదని, తెల్లపాదాల పిల్ల గింజుకుంటే సగం దాని మెడ మీద పడిందని, తుడవడం మరిచిపోయానని చెప్పాను.

సరోజన నవ్వు ఆగిపోయింది. "పాలనుకున్న" అంది. "పాతిపెట్టే ముందు నా కొంగుతోని తుడిసిన. పాలు తాగి సచ్చిందనుకున్న." తన కొంగు వైపు చూసుకుంది. తర్వాత నా వైపు చూడకుండా, "పో కాకా" అంది. తలుపు వేసింది.

అది జరిగి నాలుగు రోజులైంది. మిగిలిన ఇళ్లకు కూడా తిరిగి చెప్పాను. కొందరు నమ్మారు, కొందరు సరోజనను అడిగి నమ్మారు. కొమురమ్మ నాతో మాట్లాడటం లేదు. మాట్లాడుతుందో లేదో తెలియదు. మాట్లాడమని అడిగే హక్కు నాకు లేదు. అయినా మీకొక సంగతి చెప్పాలి. నిన్న అన్నం తింటుంటే పచ్చిపులుసు పుల్లగా తగిలింది. చాలాకాలంగా నేను దాని పులుపును పట్టించుకోలేదని అప్పుడు తెలిసింది.

నోటితో చెప్పాక మళ్లీ ఎందుకు రాస్తున్నానంటే, నాకు నా నోటి సంగతి తెలుసు. ఇంకో ఏడాదికి ఈ ఒప్పుకోలు కూడా పెరుగుతుంది. అందులో నేను ఏడుస్తూ కొమురమ్మ కాళ్ల మీద పడతాను, ఆ తర్వాత ఏడాదికి మంచివాణ్ణి కూడా అయిపోతాను. అందుకని పెరగకముందే కాగితం మీద పెట్టాను. ఇక దీన్ని నేను కూడా మార్చలేను.

ఈ పొద్దున సరోజన మనవరాలిని మెత్తటి పాతచీరలో చుట్టుకుని, ఇంకో చేత్తో నూనెగిన్నె పట్టుకుని ఇంట్లోంచి బయటికి వచ్చింది. నా వైపు చూడలేదు. నేరుగా ఎదురింటి గడప ముందు నిలబడింది. కొమురమ్మ బయటికి వచ్చింది. సరోజన ఏదో అంది. కొమురమ్మ ఆమె చేతిలోంచి నూనెగిన్నె అందుకుంది. తర్వాత ఇద్దరూ లోపలికి వెళ్లారు. తలుపు పడింది.

ఆ తలుపు వెనుక ఏం మాట్లాడుకున్నారో, మామూలుగా అయితే మీకు రెండు పేజీలు రాసేవాణ్ణి. ఇద్దరినీ ఏడిపించేవాణ్ణి, మధ్యలో నా పేరెత్తించి నన్ను మాఫీ కూడా చేయించుకునేవాణ్ణి. నాకు తెలియదు. పసిదాని ఏడుపు వినబడింది. చెంబుతో నీళ్లు ముంచిన చప్పుడు వినబడింది. కాసేపటికి ఏడుపు ఆగింది. నాకు తెలిసింది అంతే.